చెరిసగం

చుక్కలు వేసి, చేతిలో దూది పెట్టి, "గంటసేపు కళ్ళు మూసుకుని కూర్చోండమ్మా, ఫోన్ చూడొద్దు" అని చెప్పి నర్సు వెళ్ళిపోయింది. మూసుకునే కూర్చున్నాను. మూసుకుంటే అన్నీ ఇంకా బాగా కనిపిస్తున్నాయి, నా కర్మ. బయట ముంబై రోడ్డు మీద లారీలు పోతున్నాయి, ఎవరిదో టోకెన్ నంబరు పిలుస్తున్నారు, హిందీలో ఒకామె తన వంతు ఎప్పుడని అడుగుతోంది, కిటికీలోంచి పటాన్‌చెరు గాలి, ఆ ఫ్యాక్టరీల ఘాటు, కుళ్ళిన కోడిగుడ్డూ ఇంగువా కలిపినట్టుండే వాసన. సంగారెడ్డిలో బస్సెక్కిన ప్రతిసారీ ఇస్నాపూర్ దగ్గర ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను, ఇక్కడికొచ్చి కూర్చున్నాక మరిచిపోతాను, ఇవాళ మాత్రం మరిచిపోవడం నావల్ల కావడం లేదు. పక్క గదిలో నర్సక్క, నాతోపాటే చూపించుకునే నర్సింహమ్మ, ఉంది. తలుపు వేసేశారు. లోపల పడుకోబెట్టారో కూర్చోబెట్టారో తెలియదు. నర్సక్క కంటికి మళ్ళీ వచ్చింది. దుమ్ము పడ్డదంది, బస్టాండులో నేను అడిగితే. కొంగు చాటున ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉన్న కన్ను, దుమ్ము కాదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు, ఆ కన్ను నాకు కొత్తా ఏమన్నా, నా ఎడమ కన్ను మూడుసార్లు అట్లాగే అయింది.

అదొక పురుగట. కంట్లోకి వచ్చి, మందులేస్తే పోయినట్టే పోయి, వెనక నరంలో ఎక్కడో పడుకుంటుందట. జ్వరమొస్తే లేస్తుంది, ఎండ తగిలితే లేస్తుంది, దిగులు పెట్టుకుంటే లేస్తుంది. దిగులు పెట్టుకోకుండా ఎట్లా ఉంటారో అది మాత్రం ఎవరూ చెప్పరు. లేచిన ప్రతిసారీ నల్లగుడ్డు మీద పువ్వులాంటి తెల్ల మచ్చ వదిలిపోతుంది, ఆ పువ్వు మధ్యకు వచ్చిందంటే ఇగ చూపు లేదు. నాకు అంచున ఉంది. నర్సక్కకు మధ్యకు రావడానికి గింజంత దూరం ఉంది. పైగా నర్సక్కకు కుడికన్ను లేదు, వయసులో ఉన్నప్పుడే పత్తి కట్టె గుచ్చుకుని పోయింది, ఉన్నది ఆ ఎడమ కన్నొక్కటే. డాక్టర్ రచన పసుపు రంగు అంటించి, నీలం లైటు పెట్టి చూసింది. చిన్నపిల్ల, మా ఇంట్లో ఉంటే అన్నం సరిగ్గా తినమని కసిరేదాన్ని. నర్సక్క పక్కన నేను కూడా ఉన్నాను, వినకూడదని ఎవరూ అనలేదు, విన్నాను. "మళ్ళీ వచ్చిందమ్మా. మీరు వేసుకుంటున్నది ఉత్త గోలీలైతే ఇబ్బంది లేదు, అసలు మందు మొదలుపెడితే తగ్గుతుంది. కానీ అసలు మందే వేసుకుంటుండగా వచ్చిందంటే, ఇది ఆ మందుకు లొంగని రకం అన్నట్టు. అప్పుడు అడ్మిట్ చేసి వేరే ఇంజెక్షన్ ఇవ్వాలి. అది కిడ్నీల మీద పడుతుంది. మీకు షుగర్ ఉంది, కిడ్నీలు ముందే వీక్. అందుకే మీ సీసా నంబరుకు ఏది ఇచ్చారో సిటీ ఆఫీసుకు ఫోన్ చేసి, కోడ్ తెరిపించి చూస్తాం" అంది. తెరిపించి చూస్తాం. ఏం తెరుస్తారు, ఏం చూస్తారు, వాళ్ళు చూసేది ఆమె తిన్నది కాదే.

మొదట్లోనే నాకు అర్థం కాలేదు ఈ వ్యవహారం. కంటికి పదేపదే వచ్చేవాళ్ళను కొందరిని చేర్చుకుంటున్నారు, ఏడాదిపాటు పూటకో గోలి, సగం మందికి మందు, సగం మందికి ఉత్తది, అప్పుడు ఎవరికి రాకుండా ఆగిందో చూసి మందు పనిచేస్తోందో లేదో తేలుస్తారు. అంతవరకు బాగానే ఉంది. మరి నాకేది ఇచ్చావమ్మా అంటే, నాకూ తెలియదండీ అంది డాక్టర్ రచన. నర్సుకూ తెలియదు. సీసా మీద నంబరే గానీ పేరు లేదు. ఇంటికెళ్ళి మా ఆయనకు చెబితే, ఆయన మిరపకాయల బస్తా కుట్టు విప్పుతూ తల కూడా ఎత్తలేదు. "అమ్మేటోనికే ఏం అమ్ముతున్నడో ఎరుక లేకపోతే అది దుకాణమెట్లైతదే అరుణా?" అన్నాడు. మిర్చి వ్యాపారం చేసే మా కాశీనాథ్ గారికి లోకమంతా గంజ్ బజార్‌లాగే కనిపిస్తుంది. నేనూ నవ్వాను, నవ్వి వేలిముద్ర వేసినట్టు సంతకం పెట్టాను, ఎందుకంటే డబ్బు తీసుకోకుండా చూస్తారు, నెలనెలా చూస్తారు, వస్తే పట్టుకుంటారు. డాక్టరమ్మ మంచిదే. మందు పనిచేస్తుందని ముందే తెలిస్తే ఇదంతా ఎందుకండీ, తెలుసుకోవడానికే కదా అంది. ఆ మాట నాకు అప్పుడు తలకెక్కలేదు. ఇప్పుడూ పూర్తిగా ఎక్కిందని చెప్పలేను.

నర్సక్కది కర్దనూర్. కొడుకు నరేష్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు, ఉన్న కాస్త పొలం ఆమే చూసుకుంటుంది, ఒక్క కన్నుతోనే కలుపు తీస్తుంది, గడ్డిని గడ్డిగా చేనును చేనుగా చూడడానికి ఒకటి చాలదా అంటుంది. మొదటిసారి ఇదే బెంచీ మీద నా పక్కన కూర్చుని, "సేటమ్మా, మీకు మంచిదే ఇచ్చిన్రు కావొచ్చు, నాసొంటిదానికి ఉత్తదే వడ్తది" అంది. కాదక్కా, మిషిన్ పంచుతుందట, దానికి నువ్వెవరో నేనెవరో తెలియదు అన్నాను. నమ్మలేదు. నేను మాత్రం నమ్మానా. రాత్రి గోలి మింగుతూ, ఇది ఉత్తదేమో, పక్కవాళ్ళ అదృష్టం బాగుందేమో అనుకోని రోజు లేదు. అదిగో, అప్పుడే నా బుర్రలో దుకాణం లేచింది. మా ఆయనా మా మరిదీ కలిసి సరుకు కొన్నప్పుడు ఒక పద్ధతి ఉంది, మామయ్యగారి కాలం నుంచి. రెండు లాట్లలో ఏది మంచిదో ఏది పుచ్చుదో తెలియనప్పుడు నీది నాది అని పట్టుకోరు. రెండూ నేల మీద ఒకే కుప్ప పోసి, కలియబెట్టి, చెరిసగం ఎత్తుకుంటారు. లాభమైనా నష్టమైనా ఇద్దరిదీ. అన్నదమ్ములు ఇన్నేళ్ళు కొట్టుకోకుండా ఉన్నారంటే ఆ కుప్ప వల్లే. నర్సక్కకు చెబితే వెంటనే ఒప్పుకుంది. "గిది మంచిగున్నది చెల్లె. ఇద్దరం పూర్తిగ మునుగం" అంది. ఆ రోజు నుంచి సేటమ్మను కాస్తా చెల్లెనయ్యాను. ఆస్పత్రి ఎదురుగా మిర్చీ బండి వెనక బల్ల మీద, నా టిఫిన్ డబ్బా మూతలో రెండు సీసాలు ఒంపి, వేళ్ళతో కలిపి, పంచుకునేవాళ్ళం. రెండూ ఒకటే తెలుపు, ఒకటే సైజు, ఒకటే చేదు. పంచుకున్నాక ఆమె కొంగున కట్టి తెచ్చిన కందికాయలు నా సంచిలో పోసేది. నాకెంత తృప్తిగా ఉండేదో. ఎంత తెలివైన పని చేశామో అనుకునేదాన్ని.

మిరపకాయలు సగం మంచివైతే సగం డబ్బు వస్తుంది. సగం మందు తింటే సగం కన్ను ఆగుతుందా? ఈ ప్రశ్న ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా నాకెందుకు రాలేదు. యాంటీబయాటిక్ మధ్యలో మానితే మా ఆయన్ని నేనే తిడతాను కదా, కోర్సు పూర్తి చెయ్యమని. అయినా రాలేదు. చేతిలో దూది తడిసిపోయింది, ఇంకోటి అడగాలి, ఎవరినడగాలి, కళ్ళు తెరిస్తే ట్యూబులైటు సూదిలా దిగుతోంది, మనుషులు పాల మీది మీగడలాగ సాగిపోయి కనిపిస్తున్నారు. మూసుకున్నాను. సరే, ఆలోచిద్దాం, తాపీగా. ఆమెదీ నాదీ రెండూ ఉత్తవే అయితే కలిపినా ఒకటే, పాపం లేదు. రెండూ అసలువే అయితే కలిపినా ఒకటే. నాది అసలుదై ఆమెది ఉత్తదైతే, నేనామెకు సగం పెట్టినట్టు, పుణ్యమే. ఆమెది అసలుదై నాది ఉత్తదైతే. ఆమెది అసలుదై నాది ఉత్తదైతే, నేను ఒంటికంటి మనిషి నోటికాడి మందు సగం లాక్కుని తిన్నట్టు. నాలుగింట్లో ఒకటే కదా చెడ్డది, మూడు మంచివే కదా అని వ్యాపారం బుద్ధి చెబుతోంది. కానీ నా కన్ను ఈ నెలలన్నీ తెల్లగా, బొట్టు నీరు కారకుండా ఉంది. పొద్దున లేవగానే కుడికన్ను మూసుకుని, ఎడమ కంటితో కాంటా మీద ఎర్ర అంకెలు చదువుతాను, ఇవాళ కూడా చదివాను, సున్నాలన్నీ సున్నాల్లాగే ఉన్నాయి. నాకు ఆగింది, ఆమెకు ఆగలేదు. ఒకే కుప్పలోవి తిన్నాం ఇద్దరం. మరి దీనికేమిటి అర్థం? నాది పడుకునే రకమూ ఆమెది లేచే రకమూనా, ఎండలో పొలం పనా, నరేష్ నైట్ షిఫ్టుకు పోతే నిద్రపట్టని దిగులా, లేక ఏ నెల కలిపినప్పుడైనా అసలువన్నీ నా వైపే జారాయా? మంచివి వేరే రంగులో ఉంటే తెలిసేది. తెలియకూడదనే కదా ఒకే రంగులో చేసింది.

ఇంకో మాట కూడా ఉంది, అనుకోవడానికే అసహ్యంగా ఉంది. పొద్దున బస్టాండులో ఆమె కొంగు తీసి చూపించగానే నా చెయ్యి నా కంటి మీదికి వెళ్ళింది. అయ్యో అక్కా అని నోరు అంటూనే ఉంది, లోపల మాత్రం నాది కాదు, నాది కాదు అని ఒకటే కొట్టుకుంటోంది. బతికిపోయాననుకున్నాను. అంత మంచిదాన్ని నేను.

నర్సక్క లోపలికి పోయేముందు నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి పొలం చెయ్యి, గట్టిగా, వేడిగా. "గోలీల ముచ్చట ఎవ్వలకు చెప్పకు చెల్లె. నీ పేరు బద్నాం అయితది. నన్నుగూడ తీసేస్తరు. నరేష్‌కు తెలిస్తే ఇంట్ల పెద్ద లొల్లి." నేను తలూపాను. ఎందుకూపాను? ఆమె అడిగిందనా, నాకూ అదే కావాలనా? చెప్పకపోతే ఏమవుతుంది. ఫోన్‌లో అవతలివాళ్ళు ఉత్తది అంటారు, అప్పుడు మామూలు మందిస్తారు, అంతా సుఖమే, నేను నోరు విప్పనక్కర్లేదు, టిఫిన్ డబ్బా తోమేసి ఇంటికి పోవచ్చు. అసలుదే అన్నారనుకో, మందుకు లొంగలేదనుకుని ఆ ఇంజెక్షన్ ఎక్కిస్తారు, కిడ్నీలు. ఉత్తది అనాలి దేవుడా. కాదు, నేనెవరి కోసం అడుగుతున్నాను, ఆమె కోసమా, నేను చెప్పకుండా తప్పించుకోవడం కోసమా? రెండూ ఒకటే అయినప్పుడు విడదీసి చూసుకోవాలా? మా అత్తగారు బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు తెల్లరాయి దగ్గర ఆగిపోయేది, నోట్లో వేసి కొరికితే గానీ తెలిసేది కాదు. నాదీ అట్లాగే ఉంది. డాక్టరమ్మ అడుగుల చప్పుడు వచ్చిందనుకుంటే ఊడ్చే ఆమె. మళ్ళీ అనుకుంటే వీల్‌చెయిర్. రుద్రారం నుంచి వచ్చామని ఎవరో చెబుతున్నారు, కోడలికి కన్ను ఉబ్బిందట, పురిటి నొప్పులు పడుతున్నంతగా ఏడుస్తోందట. నేను నవ్వబోయి ఆగాను.

అప్పుడు డాక్టరమ్మ నిజంగానే వచ్చింది. సబ్బు వాసనను బట్టి తెలిసింది, ఆ పిల్ల చేతులు ఎప్పుడూ కడుక్కుంటూనే ఉంటుంది. పక్క గది తలుపు తెరిచి నిలబడి, లోపలి నర్సుతో అంది. "నర్సింహమ్మ గారిది అసలు మందే. కోడ్ తెరిచారు. వాళ్ళబ్బాయి నరేష్‌కు ఫోన్ చెయ్యండి, అడ్మిషన్‌కు సంతకం కావాలి. ఇంజెక్షన్ సిటీ నుంచి తెప్పించాలి." మామూలు గొంతే. ఇంజెక్షన్ తెప్పించాలి అన్న మాట ఉప్పు తెప్పించాలి అన్నంత మామూలుగా వినిపించింది. నేను లేచాను. కళ్ళు తెరిస్తే తెల్లటి మంట, గోడ ఎక్కడుందో తెలియక బెంచీ అంచు తగిలి మోకాలు కొట్టుకుంది, ఎవరో పట్టుకున్నారు, వదిలించుకున్నాను. "డాక్టరమ్మా, ఆమె పూర్తిగా తినలేదు" అన్నాను. ఎట్లా మొదలుపెట్టాలో గంట నుంచి వెతుక్కుంటున్నది అంతలో అయిపోయింది. ఇద్దరివీ కలుపుకున్నాం, మొదటి నుంచీ, సగం సగం, ఆలోచన నాదే, ఆమెకేమీ తెలియదు అన్నాను. "ఎందుకమ్మా?" అంది డాక్టరమ్మ. కోపం కూడా లేదు, నిజంగా అర్థంకాక అడిగినట్టుంది. రెండు లాట్లలో ఏది మంచిదో తెలియనప్పుడు, అని మొదలుపెట్టాను. మిర్చి బజార్లో నిలబడి చెబితే ఎంతో సబబుగా ఉండే మాట ఆ వరండాలో నా నోట్లోంచి పిచ్చి ప్రేలాపనలా వచ్చింది. సగంలో ఆపేశాను.

"అయితే మీది కూడా తెరవాలి" అంది డాక్టర్ రచన. "మీదీ అసలుదే అయితే, మీరెంత కలిపినా ఆమె పూర్తి మందే తిన్నట్టు. ఇంజెక్షన్ తప్పదు. మీది ఉత్తదైతే ఆమెకు సగమే పడినట్టు, మందు ఓడిపోయిందని ఇప్పుడే అనలేం. మామూలు మందు పూర్తి డోసుతో మొదలుపెట్టి చూడొచ్చు." అక్కడే ఫోన్ చేసింది, నా నంబరు చెప్పింది, లైన్లో ఉంటాను అంది. గోడకు ఆనుకున్నాను. గంట నుంచి ఏం మొక్కుతున్నాను నేను? ఆమెది ఉత్తది కావాలని, కాకుంటే నాదీ అసలుదే కావాలని. నేను ఆమెది లాక్కోలేదని తేలాలని. ఇప్పుడు నాది అసలుదైతే నా చేతులు శుభ్రం, ఆమె కన్నుకు ఆ విషం. నాది ఉత్తదైతే నేను తిన్న ప్రతి మందూ ఆమెదే, ఆమె కన్నుకు దారి ఉంది. మొక్కు తిరగబడిపోయింది, మనసు మాత్రం అంత జల్దీగా తిరగడం లేదు, అలవాటుగా నాది మంచిదే కావాలి అంటోంది, కాదు అని నేను దాన్ని మళ్ళీ మళ్ళీ గుంజుతున్నాను. ఉత్తది కావాలి. నన్ను దొంగను చెయ్యి స్వామీ. ఫర్వాలేదు, నేను దొంగనే అనిపించు, ఆమె సగం మింగింది నేనే అనిపించు. ఫోన్లో ఏదో సంగీతం వస్తోంది, ఇంగ్లీషులో ఎవరో ఆగమంటున్నారు. దొంగను చెయ్యమని దేవుణ్ణి అడుక్కునే సావుకారి ఇంటి ఆడది ఇంకెవరన్నా ఉన్నారో లేదో.

"ఓకే. థాంక్యూ" అంది డాక్టర్ రచన. నా వైపు తిరిగింది. "మీది ఉత్తదే."

సంతోషం వేసింది. నిజం, మొదట సంతోషమే వేసింది, ఆ తర్వాత తడుముకుంటూ వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. డాక్టరమ్మ ఏదో అంటోంది, మీ ఇద్దరి లెక్కా పాడైంది, ఇన్నాళ్ళ పని, ఇలా చేస్తే ఎవరికి ఏం తెలుస్తుంది, రేపు ఇదే జబ్బుతో వచ్చేవాళ్ళకు మేమేం చెప్పాలి అంటోంది. న్యాయమే అన్నీ. అంటూనే నర్సుకు ఇంజెక్షన్ వద్దని చెప్పింది, స్టోర్ నుంచి మందు అట్ట తెమ్మంది, ఒక రోజు ఇక్కడే పెట్టుకుని చూద్దాం అంది. నర్సక్కను బయటికి తీసుకొచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎర్రచీర ఒకటి మసకగా, కంటి మీద తెల్ల మూత. అంతా విన్నట్టుంది, తలుపు తెరిచే ఉంది కదా.

"నాది అసలుదా చెల్లె?"

"అవునక్కా. నాదే ఉత్తది. నీది సగం నేనే తిన్న."

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననే ఉంది నాకు. "నేను వేరే తీరు అనుకున్న" అంది మెల్లగా. "సావుకారమ్మకు మంచిదే ఇచ్చి ఉంటరు, పాపం నాకోసమని తన కన్ను సగం తీసి పెడ్తున్నదని రోజూ బుగులు వడుకుంటనే మింగిన. నీ కన్ను ఖరాబైతే నాదే పాపమని. గీ కందికాయలు గందుకే తెచ్చేది." నా చెయ్యి వెతికి పట్టుకుంది. "నాదే నీకు పోయిందా? నీది మంచిగనే ఉన్నది గద? గట్లైతే పోనీ తియ్."

నాకు ఏడుపు ఆగలేదు, చుక్కలు వేసిన కళ్ళు మండిపోయాయి. నర్సు వచ్చి ఆమె చేతిలో అట్ట పెట్టి, నీళ్ళ గ్లాసు ఇచ్చి, ఇప్పుడొకటి వేసుకోమంది. అట్ట చిరిగిన చప్పుడు వినిపించింది. గోలి నోట్లో వేసుకోలేదు నర్సక్క. ఆ చెయ్యి నా వైపు వచ్చి ఆగింది.

"మరి నీకు?"

"వద్దక్కా. మొత్తం నువ్వే మింగాలె" అన్నాను. ఆ చెయ్యి ఇంకా నా ముందే ఉంది.